తద్దినం ఏ రోజున పెట్టాలి? తిథి లెక్క ఇంట్లోనే చూసుకునే పద్ధతి

మా వారు ఖర నామ సంవత్సరం మాఘ బహుళ అమావాస్య నాడు, 2012 ఫిబ్రవరి 21 మంగళవారం సాయంత్రం పోయారు. ముందురోజు శివరాత్రి. రాత్రంతా జాగరణ చేసి, పొద్దున్నే స్నానం చేసి, మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదు.

మాకు ఇద్దరు అబ్బాయిలు. పెద్దవాడు డాలస్‌లో, చిన్నవాడు మెల్‌బోర్న్‌లో ఉంటారు. నేను తెనాలిలో ఉంటాను. ఏటా ఆ తిథికి నేను పురోహితుణ్ణి పిలిచి స్వయంపాకం ఇస్తాను. పిల్లలిద్దరూ ఎక్కడివాళ్లక్కడ తద్దినం పెడతారు. 2025లో చిన్నవాడు తండ్రి తద్దినం ఒక రోజు ఆలస్యంగా పెట్టాడు. నిర్లక్ష్యం వల్ల కాదు. ఫోనులోని పంచాంగం యాప్‌లో ఫిబ్రవరి 28 శుక్రవారం ఎదురుగా ‘అమావాస్య’ అని ఉంది. దాన్ని నమ్మి సెలవు పెట్టుకున్నాడు, అక్కడి పురోహితుడికి ఆ తేదీయే చెప్పాడు, మధ్యాహ్నం ఒంటిగంటకు సంకల్పం చెప్పుకున్నాడు. అప్పటికి మెల్‌బోర్న్‌లో అమావాస్య వెళ్లిపోయి గంట దాటింది. ఆ రాత్రి ఫోనులో మాట్లాడుకుంటున్నప్పుడు ఈ సంగతి బయటపడింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను.

ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ‘అమావాస్య ఎప్పుడో ఫోనులో చూసుకో నాన్నా’ అని వాడికి చెప్పింది నేనే. యాప్ చేసిన లెక్కలో తప్పు లేదు. అక్కడి సూర్యోదయానికి ఏ తిథి ఉందో అది నిమిషంతో సహా సరిగ్గా చెప్పింది. మాకు కావలసింది సూర్యోదయపు తిథి కాదు, మధ్యాహ్నం దాటాక వచ్చే అపరాహ్ణ వేళకు ఉన్న తిథి. ఆ సంగతి యాప్‌కు తెలియదు, మా వాడికి తెలియదు, తెలిసిన నేను చెప్పలేదు. అందుకే ఈ పద్ధతి మొత్తం రాసి పెడుతున్నాను. కూడికలు, తీసివేతలు, అయిదుతో భాగహారం వస్తే చాలు.

ముందు పుస్తకంలో రాయవలసినవి

మా వారి దగ్గర ఒక నోటు పుస్తకం ఉండేది. రెండు వైపుల బంధువుల తిథులన్నీ ఆయన చేతిరాతతో అందులో ఉన్నాయి. చివరి పేజీ నేను రాశాను. మీ ఇంట్లో అలాంటి పుస్తకం లేకపోతే ఈ రోజే మొదలుపెట్టండి. పోయినవారి పేరు, గోత్రం, సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి రాయండి. వాటితోపాటు ఇంగ్లీషు తేదీ, పోయిన సమయం, ఊరు తప్పకుండా రాయండి. ఎక్కువమంది సమయం దగ్గర అశ్రద్ధ చేస్తారు. ప్రాణం పోయిన క్షణానికి ఏ తిథి నడుస్తోందో అదే వారి తిథి. ఆ ఉదయం క్యాలెండర్ గడిలో ఉన్న తిథి కాకపోవచ్చు.

తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం. అది ఆకాశంలో జరిగే సంగతి కాబట్టి తెనాలిలో అమావాస్య మొదలైన క్షణానికే డాలస్‌లోనూ మొదలవుతుంది. గోడ మీది గడియారం మాత్రమే వేరు. అమెరికాలో రాత్రి పది గంటలకు ఎవరైనా పోతే ఆ సమయాన్ని భారత కాలమానంలోకి మార్చి మన పంచాంగంలో చూస్తే వారి తిథి దొరుకుతుంది.

పాత కాగితాల్లో ఇంగ్లీషు తేదీ తప్ప ఏమీ లేనివారు బాధపడనక్కర్లేదు. ఇక్కడ కంప్యూటర్‌కు చేతులెత్తి నమస్కరించాలి. డెబ్బై ఏళ్ల కిందటి రోజుకు తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో క్షణాల్లో తీసి ఇస్తుంది. మా చిన్నతనంలో ఇదే పనికి పాత పంచాంగాలు దాచుకున్న సిద్ధాంతి గారి ఇంటికి రెండు మూడు సార్లు తిరగవలసి వచ్చేది. చెదలు తినేసి ఉంటే అదీ లేదు. మాసం తెలిసి తిథి తెలియకపోతే ఆ మాసపు అమావాస్య నాడు పెట్టడం ఆచారం. ఏమీ తెలియనివారి కోసం భాద్రపద బహుళ అమావాస్య, అంటే మహాలయ అమావాస్య, ఎలాగూ ఉంది.

ఒక్క జాగ్రత్త. ఇంట్లో పెద్దలు ఒక తిథిని ఏళ్ల తరబడి పాటిస్తూ ఉంటే, కంప్యూటర్ వేరే తిథి చూపించిందని దాన్ని మార్చకండి. మా పుట్టింట్లో తాతగారి తద్దినం వైశాఖ బహుళ అష్టమి నాడు పెడతారు. ఆయన పోయింది 1950ల్లో, రాత్రి పూట. మా మేనల్లుడు ఆ తేదీ కంప్యూటర్‌లో వేసి చూస్తే ఆ వేళకు ఇంకా సప్తమే ఉందని వచ్చింది. కంప్యూటర్ చేసింది దృగ్గణితం, అంటే చంద్రుడు ఆకాశంలో నిజంగా ఎక్కడ కనిపిస్తాడో ఆ లెక్క. ఆనాడు మా ఊరి సిద్ధాంతి చూసింది సూర్యసిద్ధాంతం ప్రకారం కట్టిన పూర్వపద్ధతి పంచాంగం. ఆ పాత సూత్రాలు గ్రహణాలకు సరిపోయేలా కుదిర్చినవి. అందుకే అమావాస్య, పౌర్ణమిల దగ్గర తేడా తక్కువగా ఉంటుంది, అష్టమి ప్రాంతంలో కొన్ని గంటలు ఉంటుంది. మేనల్లుడు ‘ఇన్నాళ్లూ తప్పు రోజున పెట్టామా?’ అని దిగులుపడ్డాడు. ఆయన కొడుకులు, మనవలు ఆయన్ను తలుచుకుని పిండం పెట్టిన రోజులన్నీ ఆ అష్టములే. నిజమైన చంద్రుడు ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడన్నది ఖగోళశాస్త్రానికి సంబంధించిన ప్రశ్న. తాతగారి రోజు ఏదన్నది మా ఇంటి ప్రశ్న. అష్టమే ఉంచమన్నాను, అదే ఉంది.

ఈ ఏడాది ఆ తిథి ఎప్పుడు వస్తుందో వెతకడం

ఫోనులో ఏటా అదే ఇంగ్లీషు తేదీకి గుర్తు చేసేలా పెట్టుకుంటే పనికిరాదు. మన పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులు. సూర్యుడి సంవత్సరానికి 365. ఏటా 11 రోజులు వెనక్కి జరుగుతూ వచ్చి, సుమారు 32, 33 నెలలకు ఒకసారి అధికమాసంతో మళ్లీ ముందుకు దూకుతుంది. 2023లో జూలై 18 నుంచి ఆగస్టు 16 వరకు అధిక శ్రావణం వచ్చింది. 2026లో మే 17 నుంచి జూన్ 15 వరకు అధిక జ్యేష్ఠం. జ్యేష్ఠంలో తద్దినం ఉన్నవారికి ఆ ఏడాది రెండు జ్యేష్ఠాలు కనిపిస్తాయి. సాధారణంగా నిజ మాసంలోనే పెడతారు. అధికమాసంలోనే పోయినవారి విషయంలో పురోహితుణ్ణి అడగండి, ఇళ్లను బట్టి ఆచారం మారుతుంది.

యాప్ తెరవగానే మాసం ఎలా లెక్కపెడుతోందో చూడండి. మనకు నెల అమావాస్యతో ముగుస్తుంది. ఉత్తరాదివారికి పౌర్ణమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో పేరు తేడా రాదు. బహుళ పక్షంలో మాత్రం మన మాఘం వాళ్లకు ఫాల్గుణం. ఉత్తరాది పద్ధతిలో తయారైన యాప్‌లో ‘మాఘ అమావాస్య’ అని వెతికితే ఒక నెల ముందరి అమావాస్య దొరుకుతుంది. యాప్‌లో ‘అమాంత’ అనే ఎంపిక ఉంటే అది పెట్టుకోండి. లేకపోతే మన పంచాంగంతో సరిచూసుకోండి.

ఆ తరువాత తిథి మొదలయ్యే సమయం, ముగిసే సమయం రెండూ కాగితం మీద రాసుకోండి. గోడ క్యాలెండర్ వాడేవారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. మన క్యాలెండర్‌లో ప్రతి గడిలో ఆ రోజు సూర్యోదయానికి ఉన్న తిథిని వేసి, అది ఎంతవరకు ఉంటుందో పక్కన వేస్తారు. ‘ఉ.’ అంటే ఉదయం, ‘ప.’ అంటే పగలు, ‘సా.’ అంటే సాయంత్రం, ‘రా.’ అంటే రాత్రి, ‘తె.’ అంటే తెల్లవారుజాము. మన రోజు సూర్యోదయంతో మొదలవుతుంది కాబట్టి 27వ తేదీ గడిలో ‘తె. 6.14’ అని ఉంటే అది ఇంగ్లీషు లెక్కలో 28వ తేదీ ఉదయం. దీన్ని 27వ తేదీ తెల్లవారుజాము అనుకుని ఒక రోజు ముందుకు జరిపినవారిని నాకు తెలుసు.

2025లో మాఘ బహుళ అమావాస్య ఫిబ్రవరి 27 ఉదయం 8:54కు మొదలై, 28 ఉదయం 6:14కు ముగిసింది. 27న తెనాలిలో సూర్యోదయానికి అమావాస్య ఇంకా రాలేదు. 28న సూర్యుడు ఉదయించే సరికి, సుమారు 6:26కు, అది వెళ్లిపోయింది. అంటే ఆ అమావాస్య మా ఊళ్లో ఏ సూర్యోదయాన్నీ తాకలేదు. గడుల్లో పెద్ద అక్షరాలు మాత్రమే చదివేవారికి చతుర్దశి తరువాత పాడ్యమి కనిపిస్తుంది. నేను ఆ గురువారమే స్వయంపాకం ఇచ్చాను, ఎందుకంటే నాకు అపరాహ్ణం చూడటం అలవాటు.

మీ ఊరి గడియారంలోకి మార్చడం

భారత కాలమానం నుంచి డాలస్ చలికాలంలో 11 గంటల 30 నిమిషాలు, వేసవిలో 10 గంటల 30 నిమిషాలు వెనక. మెల్‌బోర్న్ వాళ్ల వేసవిలో 5 గంటల 30 నిమిషాలు, చలికాలంలో 4 గంటల 30 నిమిషాలు ముందు. అమెరికాలో గడియారం మార్చడం మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. మెల్‌బోర్న్‌లో ఏప్రిల్ మొదటి ఆదివారం, అక్టోబరు మొదటి ఆదివారం. ఆ రోజుల చుట్టుపక్కల తద్దినం ఉంటే రెండుసార్లు చూసుకోండి.

యాప్‌లో ఊరు మార్చితే అదే మార్చి చూపిస్తుంది కదా అంటే, చూపిస్తుంది. మీరు ఏ ఊళ్లో తద్దినం పెడుతున్నారో ఆ ఊరే అందులో ఉందో లేదో మీరు చూడాలి. ప్రయాణంలో ఉన్నప్పుడు కొన్ని ఫోన్లు ఊరును వాటంతట అవే మార్చేస్తాయి. చేత్తో ఒకసారి లెక్క వేసి, యాప్‌తో పోల్చుకోండి. రెండూ కలిస్తే మనసు నిశ్చింతగా ఉంటుంది.

2025 అమావాస్యను మార్చి చూద్దాం. డాలస్‌లో అది ఫిబ్రవరి 26 రాత్రి 9:24 నుంచి 27 సాయంత్రం 6:44 వరకు. మెల్‌బోర్న్‌లో 27 మధ్యాహ్నం 2:24 నుంచి 28 మధ్యాహ్నానికి కాస్త ముందు 11:44 వరకు. సూర్యోదయం మాత్రమే చూస్తే డాలస్‌కు 27, మెల్‌బోర్న్‌కు 28, తెనాలికి ఏ రోజూ లేదు. చిన్నవాడి యాప్ చూపించింది ఈ 28నే.

అపరాహ్ణం కట్టడం

ఈ మొత్తం పనికి గుండెకాయ ఇదే కాబట్టి నెమ్మదిగా చదవండి. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా ఉన్న పగటిని అయిదు సమభాగాలు చేస్తారు. ప్రాతఃకాలం, సంగవం, మధ్యాహ్నం, అపరాహ్ణం, సాయంకాలం. దేవతా పూజలకు వేర్వేరు వేళలు ఉన్నాయి. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం, దీపావళికి ప్రదోషం, శివరాత్రికి అర్ధరాత్రి. పితృకార్యానికి, అంటే ఏటా పెట్టే తద్దినానికి, నాలుగో భాగమైన అపరాహ్ణం ముఖ్యం. ఏ రోజు అపరాహ్ణంలో ఆ తిథి ఉంటుందో ఆ రోజు తద్దినం.

మీ ఊరి సూర్యోదయం, అస్తమయం ఫోనులో చూడండి. ఈ పని ఫోను బ్రహ్మాండంగా చేస్తుంది. పగటి పొడవును నిమిషాల్లోకి మార్చి అయిదుతో భాగించండి. సూర్యోదయానికి మూడు భాగాలు కలిపితే అపరాహ్ణం మొదలు, మరో భాగం కలిపితే ముగింపు.

తెనాలిలో 2025 ఫిబ్రవరి 27న సూర్యోదయం 6:26, అస్తమయం 6:14 ప్రాంతం. పగలు 708 నిమిషాలు, ఒక్కో భాగం సుమారు 142 నిమిషాలు. అపరాహ్ణం 1:30 నుంచి 3:50 దాకా. అమావాస్య ఆ వేళంతా ఉంది. మెల్‌బోర్న్‌లో ఆ రోజు వేసవి. ఉదయం 7 ప్రాంతంలో సూర్యోదయం, రాత్రి 8 ప్రాంతంలో అస్తమయం. పగలు 780 నిమిషాలు, ఒక్కో భాగం 156. అపరాహ్ణం 2:48 నుంచి 5:24 దాకా. 2:24కే వచ్చిన అమావాస్య 27న ఆ వేళంతా ఉంది. 28న ఉదయానికి ఉన్నది నిజమే, అపరాహ్ణం వచ్చే సరికి మూడు గంటల కిందటే వెళ్లిపోయింది. డాలస్‌లోనూ 27 అపరాహ్ణమే. అంటే సూర్యోదయపు లెక్కలో మూడు రకాలుగా విడిపోయిన మా మూడు ఊళ్లకూ తద్దినం ఒక్క రోజునే వచ్చింది, ఫిబ్రవరి 27 గురువారం.

మరుసటి ఏడు దీనికి తలకిందులు. 2026లో ఆ అమావాస్య భారత కాలమానంలో ఫిబ్రవరి 16 సాయంత్రం 5:34 నుంచి 17 సాయంత్రం 5:30 వరకు. తెనాలికి 17 మంగళవారం, మెల్‌బోర్న్‌కూ 17. డాలస్‌లో అదే అమావాస్య 16 ఉదయం 6:04 నుంచి 17 ఉదయం 6:00 వరకు, కాబట్టి అక్కడ 16 సోమవారం. పెద్దవాడు ఈమధ్య వచ్చిన, ప్రశ్న అడిగితే సమాధానం రాసిచ్చే కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగాడు. ‘ఫిబ్రవరి 17’ అని ధీమాగా రాసిచ్చింది. ఏ ఊరని అడగలేదు, ఏ వేళకని అడగలేదు. నా కాగితం ఫోటో తీసి పంపాను. వాడు సోమవారం పెట్టాడు.

రెండు రోజులూ తాకితే, ఏ రోజూ తాకకపోతే

తిథి పొడవు ఎప్పుడూ ఒక్కటే ఉండదు. చంద్రుడు భూమికి దగ్గరగా ఉన్నప్పుడు వేగంగా కదులుతాడు, తిథి కురచ అవుతుంది. దూరంగా ఉన్నప్పుడు సాగుతుంది. సుమారు 20 గంటల నుంచి దాదాపు 27 గంటల దాకా మారుతుంది. పొడుగు తిథి రెండు రోజుల అపరాహ్ణాలనూ తాకవచ్చు. అప్పుడు ఏ రోజు అపరాహ్ణంలో ఎక్కువసేపు ఉందో ఆ రోజు తీసుకుంటారు. 2025 భాద్రపద శుద్ధ చవితి చూడండి. ఆగస్టు 26 మధ్యాహ్నం 1:54 నుంచి 27 మధ్యాహ్నం 3:44 వరకు. తెనాలిలో అపరాహ్ణం 1:24 నుంచి 3:54 ప్రాంతం. 26న రెండు గంటలు, 27న రెండు గంటల ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాల తేడాతో 27. సమానంగా వచ్చినా, తేడా రెండు మూడు నిమిషాలే ఉన్నా మీరు నిర్ణయించకండి. పురోహితుడికి వదలండి.

మరీ కురచ తిథి రెండు అపరాహ్ణాల మధ్య సందులో పడిపోయి దేన్నీ తాకకపోవచ్చు. ఇక్కడ పాతవారు చెప్పే ఒక మాట గుర్తు చేసుకోవాలి: బాణవృద్ధి, రసక్షయం. బాణాలు అయిదు, రసాలు ఆరు. అరవై ఘడియల మీద తిథి అయిదు ఘడియలకు మించి పెరగదు, ఆరు ఘడియలకు మించి తగ్గదు అని దాని అర్థం. ఘడియ అంటే 24 నిమిషాలు. అంటే 21 గంటల 36 నిమిషాల కంటే తక్కువ, 26 గంటల కంటే ఎక్కువ తిథి ఉండదు. నేనొకసారి ఈ లెక్కను అపరాహ్ణం పక్కన పెట్టి చూశాను. పన్నెండు గంటల పగటిలో అపరాహ్ణం సరిగ్గా ఆరు ఘడియలు. ఒక అపరాహ్ణం ముగిసిన దగ్గర నుంచి మరుసటి అపరాహ్ణం మొదలయ్యే వరకు 54 ఘడియలు. పాత లెక్కలో అతి చిన్న తిథి కూడా 54 ఘడియలే. ఆ నియమాలు, ఆ లెక్క ఒకదాని పక్కన ఒకటి పెరిగినవి కాబట్టే ఇంత చక్కగా ఒదిగాయని నాకు అనిపిస్తుంది.

ఆకాశం ఆ హద్దులను పాటించదు. 2025 కార్తిక పౌర్ణమి నవంబరు 4 రాత్రి 10:36 నుంచి 5 సాయంత్రం 6:48 వరకు, 20 గంటల 12 నిమిషాలే. 2024 దీపావళి అమావాస్య 26 గంటల 24 నిమిషాలు. దృగ్గణితం ఎంత నిజమో ఇవి చెబుతాయి. నేను దృగ్గణితాన్నే నమ్ముతాను, గ్రహణం ఏ నిమిషానికి పడుతుందో మేడ మీద నిలబడి చూసినదాన్ని. అయినా లెక్క నిక్కచ్చి అయిన కొద్దీ, పాత నియమం నోరు విప్పని సందర్భాలు కొత్తగా వస్తున్నాయి. యంత్రం ఆ సందర్భాన్ని చూపించగలదు, అందులో ఏం చేయాలో చెప్పలేదు.

ఆ 2024 దీపావళే తీసుకోండి. అమావాస్య అక్టోబరు 31 మధ్యాహ్నం 3:52 నుంచి నవంబరు 1 సాయంత్రం 6:16 వరకు. ఈ నిమిషాల గురించి దేశంలో పెద్దగా ఎవరికీ తగాదా లేదు. 31 రాత్రంతా అమావాస్య ఉంది కాబట్టి ఆ రోజే లక్ష్మీపూజ అని ఒక పక్షం. మరుసటి రోజు కూడా అస్తమయం తరువాత ఘడియకు మించి ఉంది కాబట్టి రెండో రోజే తీసుకోవాలని ఇంకో పక్షం. మనం 31న దీపాలు పెట్టాం. డాలస్‌లో నవంబరు 1 ఉదయం 7:46కే అమావాస్య ముగిసింది కాబట్టి అక్కడ 31 తప్ప వేరే మాటే లేదు. మెల్‌బోర్న్‌లో 31 రాత్రి 9:22కు గానీ అమావాస్య రాలేదు, నవంబరు 1 సాయంత్రమంతా ఉంది. చిన్నవాడు నవంబరు 1న పెట్టుకున్నాడు. లెక్క ఒక్కటే, శాస్త్ర వచనాలు రెండు, ఊళ్లు మూడు.

ప్రభుత్వం కూడా ఒకప్పుడు దీన్ని చక్కదిద్దాలని చూసింది. 1952లో శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షతన పంచాంగ సంస్కరణ సంఘం వేసింది, 1955లో నివేదిక వచ్చింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమలైంది. అప్పటి నుంచి రాష్ట్రీయ పంచాంగం వెలువడుతోంది. లెక్కకు అది గొప్ప ఆధారం. అయితే దేశమంతటికీ ఒకే స్థానాన్ని, 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం, 23 డిగ్రీల 11 నిమిషాల ఉత్తర అక్షాంశాన్ని తీసుకుని దాన్ని కడతారు. ఆ చోట సూర్యోదయం తెనాలి సూర్యోదయం కాదు. తిథి సమయాలు అందులోంచి తీసుకోండి. సూర్యోదయం మాత్రం మీ ఊరిదే వాడండి.

ఆకాశం చూడండి

ఇది చిన్న పని, కానీ మానకండి. శుద్ధ అష్టమి నాడు పొద్దుగూకే వేళకు సగం చంద్రుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. పౌర్ణమి నాడు సూర్యుడు దిగుతుంటే చంద్రుడు ఎక్కుతాడు. బహుళ అష్టమి చంద్రుడు అర్ధరాత్రి ప్రాంతంలో వస్తాడు. బహుళ చతుర్దశి తెల్లవారుజామున తూర్పున సన్నని రేఖ కనిపిస్తే కనిపించినట్టు, అమావాస్య నాడు అదీ ఉండదు. మెల్‌బోర్న్‌లో చంద్రుడు ఉత్తరం వైపు నుంచి తిరుగుతాడు, నెలవంక మనకు కనిపించేదానికి తిరగేసినట్టు ఉంటుంది, అది చూసి కంగారుపడకండి. నెల తప్పో పక్షం తప్పో చేసి ఉంటే ఈ ఒక్క చూపుతో తెలిసిపోతుంది. మా వారు తద్దినానికి ముందు రోజుల్లో తెల్లవారుజామున పిల్లలను మేడ మీదికి తీసుకెళ్లి చంద్రుణ్ణి చూపించేవారు. చిన్నవాడు ఇప్పుడు వాడి కూతురికి చూపిస్తున్నాడు.

చివరిగా పురోహితుణ్ణి అడగడం

కనీసం నెల ముందు మీ కాగితం తీసుకుని ఆయన్ను కలవండి, లేదా ఫోను చేయండి. తిథి మొదలు, ముగింపు, మీ ఊరి అపరాహ్ణం, మీకు వచ్చిన రోజు వరుసగా చెప్పండి. ‘ఏ రోజున పెట్టాలండీ’ అని ఊరికే అడిగితే ఆయన తన ఊరి లెక్క చెప్పే ప్రమాదం ఉంది. మీ లెక్క ఎదురుగా పెడితే ఆయన అడగవలసినవి అడుగుతారు. మీ ఇంట్లో ఏ పంచాంగం పాటిస్తారు? మీ గృహ్యసూత్రం, అంటే ఇంటి కర్మలకు మీవారు పాటించే శాస్త్రగ్రంథం, ఏమిటి? మీ తండ్రిగారు ఇలాంటి సందర్భంలో ఏం చేసేవారు? జ్ఞాతుల్లో పురుడు గానీ మైల గానీ ఉందా? మైల మధ్యలో వస్తే తద్దినం ఆగుతుంది, శుద్ధి అయిన రోజున పెడతారు. పిన్నత్తగారి కోడలు ప్రసవించిన సంగతి ఏ యాప్‌కూ తెలియదు.

ఒకవేళ మా వాడిలాగా రోజు తప్పిపోతే దాచిపెట్టకండి, మనసులో పెట్టుకుని కుమిలిపోకండి. నేను మరుసటి ఉదయమే మా పురోహితుడికి ఫోను చేశాను. ఆయన ఒక్క మాట కూడా తప్పుపట్టలేదు. ‘తెలియక జరిగిందమ్మా. వచ్చే అమావాస్యకు మళ్లీ పెట్టమనండి’ అన్నారు. తద్దినం తప్పినప్పుడు బహుళ ఏకాదశి నాడో అమావాస్య నాడో పెట్టే సంప్రదాయం ఉంది. ఫాల్గుణ అమావాస్య 2025 మార్చి 29 శనివారం, ఉగాదికి ముందురోజు వచ్చింది. మెల్‌బోర్న్‌లో అది ఆ తెల్లవారుజాము 1:25 నుంచి రాత్రి 9:57 వరకు ఉంది. ఈసారి లెక్క వాడే వేసి, ఫోటో తీసి నాకు పంపాడు. అపరాహ్ణం గీత కింద రెండుసార్లు గీసి ఉంది. తండ్రికి ఇష్టమని నువ్వుల పచ్చడి కూడా చేయించాడు.

2027 మాఘ బహుళ అమావాస్య మార్చి 8 మధ్యాహ్నం 3 గంటల ప్రాంతంలో ముగుస్తుంది. తెనాలిలో అది 7, 8 తేదీల అపరాహ్ణాలు రెండింటినీ తాకుతుంది. మొదలయ్యే సమయం వెతికి, ఏ రోజున ఎక్కువసేపు ఉందో తెనాలికి, డాలస్‌కు, మెల్‌బోర్న్‌కు విడివిడిగా కట్టి తీసుకురమ్మని పిల్లలిద్దరికీ చెప్పాను. నేనూ నా నోటు పుస్తకంలో వేసి పెట్టుకున్నాను. మీరూ వేసి చూడండి.